దోమతెర కొనడానికి డబ్బుంది, కట్టించడానికి ఉందా?

మందు పూసిన దోమతెర పెద్దమొత్తంలో కొంటే ఒక్కోటి సుమారు 2 డాలర్లకు వస్తుంది. 20 సార్లు ఉతికినా మందు నిలుస్తుంది, జాగ్రత్తగా వాడితే మూడేళ్ల దాకా పనికొస్తుంది. డబ్బు పెట్టేవాళ్లకు ఇంతకన్నా నచ్చే లెక్క ఉండదు. ఇన్ని తెరలు కొన్నాం, ఇన్ని ఇళ్లకు చేర్చాం, ఇంతమందికి రక్షణ దొరికింది అని రిపోర్టులో రాసుకోవచ్చు. చిక్కేమిటంటే తెర పని మొదలయ్యేది ఆ రిపోర్టు పూర్తయ్యాకే. రాత్రి దాన్ని ఎవరు కట్టారు, దాని కింద ఎవరు పడుకున్నారు, ఉక్కపోతకు తట్టుకోలేక ఎవరు పక్కకు తీసేశారు అన్నది ఏ గోదాము లెక్కల్లోనూ దొరకదు.

మలేరియా నివారణకు వచ్చే నిధుల్లో కొంత వాటా ఈ రాత్రిపూట వ్యవహారానికి కేటాయిస్తారు. ఊరి జనం అలవాట్లు మారేలా చూడటం దీని పని. ప్రభుత్వ కాగితాల్లో ఐఈసీ (సమాచారం, విద్య, ప్రచారం) అనీ, బీసీసీ (అలవాట్ల మార్పు ప్రచారం) అనీ కనిపించే పద్దు ఇదే. గోడ రాతలు, కళాజాతలు, కరపత్రాలు, ఆశా వర్కర్ల ఇంటింటి తిరుగుడు, బడిపిల్లల ర్యాలీలు అన్నీ దీని కిందికే వస్తాయి. ఈ ఖర్చు మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇందులో చాలా భాగం జనానికి తెలిసిన సంగతినే మళ్లీ చెప్పడానికి పోతోంది. దోమ కుడితే మలేరియా వస్తుందని అసలు వినని ఊరు ఇప్పుడు అరుదు. తెలిసి కూడా తెర కట్టుకోకపోవడానికి వేరే కారణాలుంటాయి. ఆ కారణాలు వెతకడానికి పెట్టిన డబ్బే గిట్టుబాటు అయింది.

డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది

ప్రపంచంలో మలేరియాకు డబ్బు పెట్టే పెద్ద చేతులు కొన్నే. 2002లో ఏర్పడిన గ్లోబల్ ఫండ్ ఎయిడ్స్, టీబీ, మలేరియా మూడింటికీ నిధులిస్తుంది. 2005లో జార్జి బుష్ హయాంలో అమెరికా ప్రభుత్వం ప్రెసిడెంట్స్ మలేరియా ఇనిషియేటివ్ మొదలుపెట్టింది, దాని దృష్టంతా ప్రధానంగా ఆఫ్రికా మీదే. గేట్స్ ఫౌండేషన్ పరిశోధనకు ఎక్కువగా ఇస్తుంది.

మన దగ్గర ప్రపంచ బ్యాంకు అప్పుతో 1997లో ఎన్‌హాన్స్‌డ్ మలేరియా కంట్రోల్ ప్రాజెక్టు మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతాలు కూడా అందులో ఉన్నాయి. ఆ తర్వాత ఈశాన్య రాష్ట్రాలకు గ్లోబల్ ఫండ్ డబ్బు వచ్చింది. అక్కడ ఒక వాటాను కేంద్ర ప్రభుత్వ మలేరియా విభాగానికి, ఇంకో వాటాను కారితాస్ ఇండియా నడిపించిన స్వచ్ఛంద సంస్థల కూటమికి ఇచ్చారు. కిట్లు, మందులు, ల్యాబులు ప్రభుత్వం దగ్గర ఉంటాయి. కొండ మీది ఊళ్లో సాయంత్రం దాకా కూర్చుని మాట్లాడే మనుషులు, ఆ భాష వచ్చినవాళ్లు సంస్థల దగ్గర ఉంటారు. ఒకే పని కోసం రెండు దారుల్లో డబ్బు పంపడానికి కారణం ఇదే.

మామూలు రోజుల్లో మాత్రం మన దేశంలో ఈ పని జాతీయ ఆరోగ్య మిషన్ డబ్బుతోనే నడుస్తుంది. ఊరి ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి ఏటా 10 వేల రూపాయల దాకా విడి నిధి ఉంటుంది. కాగితం మీద ఇది ఊరివాళ్లు కూర్చుని తమ అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకోవాల్సిన సొమ్ము. ఎక్కడ బురద తీయించాలి, ఏ గుంట పూడ్చాలి అన్నది కమిటీ తేల్చుకోవచ్చు. ఊరి పెద్దలకు ఈ కమిటీ ఉందన్న సంగతి తెలిసిన చోట ఆ 10 వేలు చాలా దూరం వెళ్తాయి.

ఇంకో దారి కంపెనీల సీఎస్ఆర్ డబ్బు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. గుడ్‌నైట్ కాయిల్స్, లిక్విడ్లు అమ్మే గోద్రెజ్ కంపెనీ మధ్యప్రదేశ్‌లో 'ఎంబెడ్' అనే పేరుతో దోమల జబ్బుల మీద అలవాట్ల మార్పు కార్యక్రమం నడిపింది. దోమల మందు అమ్ముకునేవాళ్లే దోమల గురించి చెప్పడమేమిటని నవ్వు రావచ్చు. కానీ కొండప్రాంతపు పేద ఇల్లు ఆ కంపెనీకి పెద్ద గిరాకీ ఏమీ కాదు, పైగా ప్రభుత్వం చేరలేని ఇళ్లకు మనుషుల్ని పంపింది. అదే రాష్ట్రంలో మండ్ల జిల్లాలో సన్ ఫార్మా ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2017 నుంచి ఒక ప్రయోగం చేశాయి. 1,233 గ్రామాల్లో సొంత సిబ్బందిని పెట్టుకుని జ్వరాలను వెతికి పట్టుకున్నారు. మలేరియా 90 శాతానికి పైగా తగ్గింది.

లెక్కకు దొరికేదానికే డబ్బు

ఆశా వర్కర్ ఒక రక్తపూత తీసినా, అక్కడికక్కడే ఫలితం చూపే ఆర్‌డీ కిట్‌తో పరీక్ష చేసినా 15 రూపాయలు. పాజిటివ్ వచ్చిన మనిషి చేత మందుల కోర్సు పూర్తి చేయిస్తే ఒకప్పుడు 75 రూపాయలు ఉండేది, తర్వాత పెంచారు. పరీక్షను లెక్కపెట్టవచ్చు, వాడిన కిట్ సాక్ష్యంగా ఉంటుంది. అదే ఆశా ఒకింటి ముసలమ్మతో గంటసేపు మాట్లాడి, చంటిపిల్లను తెర కింద పడుకోబెట్టేలా ఒప్పిస్తే దానికి సాక్ష్యం ఏముంటుంది? అందుకే అలవాట్ల పద్దు కింద డబ్బిచ్చినప్పుడు కూడా లెక్కకు దొరికే వస్తువులే కొంటారు. ఇన్ని ఫ్లెక్సీలు, ఇన్ని మీటింగులు, ఇంతమంది హాజరు. మీటింగుకు వచ్చినవాళ్ల సంతకాలు ఉంటాయి కానీ వాళ్ల ఇంట్లో ఆ రాత్రి ఏం జరిగిందో ఉండదు.

మందుల కోర్సు సంగతి ఇంకా కష్టం. వైవాక్స్ రకం మలేరియా వస్తే జ్వరం మూడు రోజుల్లో దిగుతుంది. కానీ కాలేయంలో దాక్కున్న పరాన్నజీవి చావాలంటే 14 రోజులు ప్రైమాక్విన్ మింగాలి. నాలుగో రోజు నుంచి మనిషి బాగానే ఉంటాడు, పొలానికి వెళ్తాడు, మాత్రలు గూట్లో ఉండిపోతాయి. కొన్ని వారాలకో నెలలకో మళ్లీ చలిజ్వరం. ఈ 11 రోజులూ మాత్ర మింగించడమే అసలైన అలవాట్ల మార్పు. ఏ పోస్టరూ ఆ పని చేయలేదు. రోజూ వచ్చి అడిగే మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి.

ఉచితంగా ఇస్తే విలువ ఉండదా?

దాతల మధ్య చాలాకాలం నడిచిన పెద్ద వాదన ఇది. ఊరికే ఇస్తే పారేస్తారు, పది రూపాయలైనా పెట్టి కొంటే వాడతారు అని ఒక పక్షం. మన దగ్గర కూడా ఈ మాట తరచు వింటాం, రేషన్ బియ్యం నుంచి సైకిళ్ల దాకా అన్నింటి మీదా.

2007లో జెస్సికా కోహెన్, పాస్కలీన్ దుపా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పశ్చిమ కెన్యాలో గర్భిణులు చూపించుకునే క్లినిక్కుల్లో దీన్ని పరీక్షించారు. కొన్నిచోట్ల తెర ఉచితం, కొన్నిచోట్ల రకరకాల ధరలు. ధర సున్నా నుంచి 60 అమెరికన్ సెంట్లకు చేరేసరికి తెర తీసుకునేవాళ్లు 60 శాతం పాయింట్లు పడిపోయారు. ఉచితంగా తీసుకున్నవాళ్లు డబ్బు పెట్టినవాళ్లకన్నా తక్కువేమీ వాడలేదు. తర్వాత దుపా చేసిన ఇంకో అధ్యయనంలో, మొదటి తెర చవగ్గా అందుకున్నవాళ్లే ఏడాది తర్వాత రెండోది డబ్బు పెట్టి కొనడానికి ఎక్కువ మొగ్గారు. వాడి చూశాక విలువ తెలిసింది, అంతే. 2007లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తెరలను ఉచితంగానో, బాగా సబ్సిడీ ఇచ్చో అందరికీ అందించమని చెప్పింది.

మన పక్కనే ఒడిశాలో అలెస్సాండ్రో తరోజ్జి బృందం 141 గ్రామాల్లో చేసిన అధ్యయనం మాత్రం ఇంత తేలిగ్గా తెగదు. కొన్ని ఊళ్లలో తెరలు ఉచితంగా ఇచ్చారు, కొన్నింట్లో ఒక సూక్ష్మరుణ సంస్థ ద్వారా అప్పు మీద అమ్మారు. అప్పు ఇచ్చిన ఊళ్లలో 52 శాతం కుటుంబాలు కనీసం ఒక తెర కొన్నాయి. అంత పేద ఊళ్లలో ఇది తక్కువ సంగతి కాదు. కానీ తర్వాత రక్త పరీక్షలు చేస్తే అప్పు ఊళ్లలోనూ, ఉచితంగా ఇచ్చిన ఊళ్లలోనూ మలేరియా తగ్గిన జాడ కనిపించలేదు. ఊళ్లో అందరికీ తెరలు చేరకపోవడం ఇందుకు కారణమై ఉండవచ్చు. మందు తెర ఒక ఇంటిని కాపాడుతుంది, చాలా ఇళ్లలో ఉంటే ఊళ్లో దోమల్నే తగ్గిస్తుంది. సగం ఊరికిస్తే ఆ రెండో లాభం అందదు. కాబట్టి అలవాట్ల మీద డబ్బు పెట్టేముందు సరుకు అందరికీ అందిందో లేదో చూసుకోవాలి.

ఆఫ్రికాలో కొన్ని సరస్సుల ఒడ్డున దోమతెరలతో చేపలు పట్టారన్నది నిజమే. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, 'ఇచ్చినా వాడరు' అనేవాళ్లకు మంచి ఆయుధమయ్యాయి. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2022లో సహారా దిగువ ఆఫ్రికాలో 56 శాతం జనానికి తెర అందుబాటులో ఉంది, 49 శాతం మంది దాని కింద పడుకున్నారు. అంటే తెర ఉన్న ప్రతి ఎనిమిదిమందిలో ఏడుగురు వాడుతున్నట్టే. పెద్ద లోటు అందని 44 శాతం దగ్గర ఉంది. జనం అలవాట్లు బాగాలేవన్న మాట కొన్నిసార్లు సరఫరా చేయలేనివాళ్లకు పనికొచ్చే సాకు అవుతుంది.

మన్యంలో రాత్రి ఎలా ఉంటుంది

అల్లూరి సీతారామరాజు జిల్లా, దాన్ని ఆనుకున్న ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ ఒకే కొండల వరస, ఒకే రకం దోమలు. ఇక్కడ మలేరియాను మోసే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. పారే గెడ్డల్లో, ఊటనీటిలో పెరుగుతుంది. మనిషి రక్తమంటే దీనికి మహా ఇష్టం, కుట్టేది రాత్రిపూట.

ఇప్పుడు మనకు బాగా తెలిసిన నినాదం చూడండి: 'ఫ్రైడే డ్రై డే'. వారానికోసారి కుండలు, డ్రమ్ములు, కూలర్లు ఖాళీ చేసి ఆరబెట్టమంటారు. డెంగీని మోసే ఏడిస్ దోమకు ఇది సరైన మందు. విశాఖ లాంటి నగరంలో ట్యాంకుల్లో పెరిగే అనాఫిలిస్ స్టీఫెన్సై మీద కూడా పనిచేస్తుంది. గెడ్డలో పుట్టే దోమకు కుండ ఆరబెట్టినా ఒకటే, ఆరబెట్టకపోయినా ఒకటే. కానీ డెంగీ, మలేరియా రెండూ ఒకే కార్యక్రమం గొడుగు కింద ఉన్నాయి, పోస్టర్ ఒకేచోట అచ్చవుతుంది. పట్నం కోసం రాసిన సలహా కొండ ఎక్కుతుంది.

తెర కట్టకపోవడానికి కారణాలూ స్థానికమైనవే. పంట కోతకొచ్చే రోజుల్లో పందుల కాపలాకు పోడు పొలంలో మంచె మీద పడుకుంటారు, అక్కడ తెర కట్టడానికి నాలుగు మూలలుండవు. ఎండాకాలం ఆరుబయట పడక. కొత్త తెరకున్న మందు కొందరికి ముఖం మీద మంట, దురద పుట్టిస్తుంది. ఒకటి రెండు రోజులు నీడలో ఆరేస్తే తగ్గుతుందని చెప్పేవాళ్లుండాలి. తెల్లతెర పొయ్యి పొగకు నల్లబడుతుంది, ఉతుకుతారు, మళ్లీ ఉతుకుతారు, మందు పోతుంది. ఇంట్లో ఆరుగురు, తెరలు రెండు. కింద ఎవరు పడుకోవాలన్న నిర్ణయం ఆరోగ్యశాఖది కాదు.

గోడలకు మందు పిచికారీ చేసే విషయంలో కూడా ఇదే జరుగుతుంది. మందు కొట్టిన గోడ మీద వాలిన దోమ చస్తుంది. అయితే పండగొస్తే గోడ అలుకుతారు. మట్టితో, పేడతో అలికిన వెంటనే లోపలి మందు పూత కప్పబడిపోతుంది. ప్రభుత్వం ఖర్చు పెట్టిన స్ప్రేయింగ్ రౌండు ఒక్క ఉదయంలో పోతుంది. ఇది జనం మూఢత్వం కాదు, ఇల్లు శుభ్రంగా ఉంచుకునే పద్ధతి. పిచికారీ తేదీ పండగ తర్వాత పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. అందుకు ఖర్చేమీ లేదు, ముందుగా ఊరివాళ్లను అడిగితే చాలు. పడకగదిలోకి, దేవుడి మూలలోకి మగ సిబ్బంది రావడం ఇష్టంలేని ఇళ్లలో ముందురోజు ఆశా వెళ్లి చెప్పి వస్తే తలుపు తెరుస్తారు.

ఒడిశా చేసిన పని

2016లో ఒడిశాలో 4.4 లక్షల మలేరియా కేసులు నమోదయ్యాయి. దేశ జనాభాలో నాలుగు శాతం కూడా లేని రాష్ట్రం, దేశం మొత్తం కేసుల్లో మూడో వంతుకు పైగా మోసేది. 2018కల్లా కేసులు 66 వేలకు, 2019కి 40 వేల లోపుకు పడిపోయాయి. మూడేళ్లలో పదో వంతుకు దిగింది.

దీని వెనక రెండు పనులున్నాయి. 2017లో కోటికి పైగా మందు తెరలు పంచారు. అదే సమయంలో రాష్ట్ర ప్రభుత్వం 'దమన్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 23 జిల్లాల్లో, దారి లేని పల్లెల్లో ఏడాదికి రెండుసార్లు మలేరియా క్యాంపు పెట్టారు, ఒకటి వానలకు ముందు, ఇంకోటి వానలయ్యాక. జ్వరం ఉన్నా లేకపోయినా ఊళ్లో ప్రతి ఒక్కరికీ పరీక్ష, పాజిటివ్ వస్తే అక్కడే మందు. అదే క్యాంపులో గర్భిణులను, పోషకాహారం తక్కువైన పిల్లలను చూడటం, తెర ఎలా కట్టాలో చూపించడం, పిచికారీ అన్నీ కలిపేశారు.

జ్వరం లేనివాళ్లను పరీక్షించడమే ఇందులో కీలకం. ఏళ్ల తరబడి మలేరియా ఉన్నచోట చాలామంది ఒంట్లో పరాన్నజీవి ఉన్నా జ్వరం రాదు. వాళ్లు మామూలుగా పొలానికి పోతుంటారు, వాళ్లను కుట్టిన దోమ జబ్బును ఇంకొకరికి మోస్తుంది. 'జ్వరం వస్తే వెంటనే పరీక్ష చేయించుకోండి' అన్న సలహాను ఊరంతా తుచ తప్పకుండా పాటించినా ఈ మనుషులు దొరకరు. అంటే జనం అలవాటును నూటికి నూరు శాతం మార్చినా లొంగని జబ్బు ఇది. ఆ లోటును ప్రభుత్వమే కొండెక్కి పూడ్చింది. దానికి బదులుగా ఊరివాళ్లు చేయాల్సింది ఆ రోజు ఇంటి దగ్గర ఉండటం, వేలు చాపడం. క్యాంపు చెప్పిన తేదీకి వస్తే, మందు చేతికి దొరికితే, ఆ మాత్రానికి కళాజాత అక్కర్లేదు. ఒడిశా కథలో నాకు నచ్చింది ఇదే, అలవాట్ల మార్పు ముందు ఆరోగ్యశాఖలో జరిగింది.

అయితే తెరలు, క్యాంపులు ఒకేసారి వచ్చాయి కాబట్టి ఏది ఎంత తగ్గించిందో విడదీయడం కష్టం. ఇంకో సంగతి, కోవిడ్ కాలంలో క్యాంపులు దెబ్బతిన్నాయి, 2017లో పంచిన తెరల వయసు కూడా 2020తో తీరిపోయింది. ఆ తర్వాతి ఏళ్లలో ఒడిశాలో కేసులు మళ్లీ పెరిగాయి.

తగ్గగానే ఆగిపోయే డబ్బు

ఇది కొత్త కథేమీ కాదు. డీడీటీ రోజుల్లో భారత్‌లో మలేరియా 1965 నాటికి లక్ష కేసులకు దిగింది. 1976లో 64.7 లక్షలకు చేరింది. దోమలకు డీడీటీ అలవాటు పడటం ఒక కారణం, జబ్బు పోయిందనుకుని నిధులు, నిఘా సడలించడం ఇంకో కారణం. శ్రీలంకలో 1963లో మొత్తం 17 కేసులే వచ్చాయి. పిచికారీ ఆపేశారు. ఆ దశాబ్దం ముగిసేలోపు 5 లక్షలు దాటాయి.

2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని స్తంభింపజేసింది, జులై 1 నాటికి ఆ సాయాన్ని నడిపే యూఎస్ఎయిడ్ సంస్థ తలుపులు మూసేసింది. ప్రాణరక్షక సాయానికి మధ్యలో మినహాయింపులు ప్రకటించారు. ఇలాంటి కోతలప్పుడు తెరను, మాత్రను ప్రాణరక్షకమని వాదించడం తేలిక. ఇంటింటికీ తిరిగి మాట్లాడే మనిషి జీతాన్ని అలా వాదించి గెలవడం కష్టం. మన దగ్గర మలేరియాకు ఖర్చులో ఎక్కువ భాగం సొంత డబ్బే కాబట్టి ఆ దెబ్బ నేరుగా తగల్లేదు, కానీ కేసులు తగ్గిన పద్దును ముందు కోసే బుద్ధి ఏ ఆర్థిక శాఖకైనా ఉంటుంది.

ఆశా ప్రోత్సాహకంలో కూడా అదే బుద్ధి దాగి ఉంది. పాజిటివ్ కేసుకు ఇంత అని ఇస్తే, ఆమె పని బాగా చేసిన కొద్దీ ఆ ఆదాయం తగ్గుతుంది. ఊళ్లో మలేరియా పూర్తిగా పోతే ఆ వరసలో సున్నా. పరీక్షకిచ్చే 15 రూపాయలు ఫలితంతో పనిలేకుండా వస్తాయి గానీ, జ్వరాలే లేని ఊళ్లో పరీక్షలూ తగ్గిపోతాయి. 2027 నాటికి దేశంలో స్థానికంగా అంటుకునే కేసులు సున్నాకు తేవాలని, 2030కి మలేరియా లేని దేశం కావాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఆ దశలో కావాల్సింది కేసులను బట్టి కాకుండా కాపలాను బట్టి వచ్చే జీతం.

శ్రీలంక రెండోసారి ఆ తప్పు చేయలేదు. 2012 అక్టోబరులో అక్కడ చివరి స్థానిక కేసు వచ్చింది, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా రహిత దేశమని ధ్రువీకరించింది. అయినా మలేరియా విభాగాన్ని మూసేయలేదు. బయటి దేశాల నుంచి తిరిగొచ్చేవాళ్ల రక్తాన్ని పరీక్షించడానికి ఇప్పటికీ మనుషులున్నారు. ఒక్క కేసూ లేని ఊళ్లో మన ఆశా వర్కర్‌కు ఏ పద్దు కింద డబ్బివ్వాలన్నది 2027లోపే తేలాల్సిన లెక్క.